తెల్లబోయిన ఎర్ర పడవ

ముప్పై ఏళ్లు నేను పనిచేసిన షెడ్డులో నా చేతుల మీదుగా పోయినవి ఎక్కువగా నీళ్ల ట్యాంకులు, బాత్రూం తలుపులు, బస్సు సీట్లు. అన్నీ ఫైబరువే. ఆ ముప్పై ఏళ్లలో పడవ మాత్రం ఒకే ఒక్కటి చేశాను. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఎవరైనా "ఏం పని చేస్తాంటివమ్మా?" అని అడిగితే ట్యాంకుల మాట ఎత్తను. "పడవ చేసినా" అంటాను. అడిగినవాళ్లు నన్ను ఎగాదిగా చూస్తారు. బళ్ళారిలో పడవేమిటి, ఈవిడ చేయడమేమిటి అని. ఆ చూపు నాకు భలే ఇష్టం.

ఈమధ్య మన బళ్ళారి షెడ్లలో కొత్తగా చేరిన ఆడపిల్లలు నన్ను కలిసినప్పుడు "అత్తా, ఆ ఎర్ర పడవ సంగతి చెప్పు" అంటున్నారు. ఎవరో వాళ్లకు అది నా గొప్పగా చెప్పారట. గొప్ప సగమే, తక్కిన సగం నా తప్పు. రెండూ చెబుతాను, వినండి.

మా ఊరు సంగనకల్లు. మిరప కోతలకు, పత్తి తీతకు కూలికి పోతున్న దాన్ని, ఒక పక్కింటామె వెంట వచ్చి ఫైబర్ షెడ్డులో చేరాను. రెజిన్ జిగురు వాసనకు మొదటి వారం తల తిరిగింది. రెండో వారం అన్నం రుచి తెలియలేదు. మూడో వారానికి ఆ వాసన లేకపోతేనే ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. కొన్నేళ్లకు నాకు జెల్ కొట్టే పని అప్పగించారు.

జెల్ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట. ఫైబర్ వస్తువును అచ్చులో పోస్తారు. అచ్చు లోపలి గోడకు ముందు మైనం పట్టించి, దాని మీద రంగు కలిపిన చిక్కటి జెల్ కొడతారు. అది కొంచెం ఆరాక గాజు పీచు పరిచి, రెజిన్‌తో తడిపి, రోలర్‌తో ఒత్తుతారు. గట్టిపడ్డాక అచ్చులోంచి ఊడదీస్తే, మొదట కొట్టిన జెల్ బయటికి కనపడే ముఖమవుతుంది. ఇల్లు కట్టి చివర్లో సున్నం వేసినట్టు కాదు. ఇక్కడ ముందు రంగు, తర్వాతే గోడ. రంగు తప్పు కొడితే ఆ తప్పు మీదే మొత్తం వస్తువు తయారవుతుంది. అదీ నా పని. కానీ ట్యాంకులకు నలుపు, తలుపులకు తెలుపు, సీట్లకు బూడిద రంగు. ఏళ్ల తరబడి ఆ మూడే. షేడ్ కార్డు తెరిస్తే మిగతా రంగులన్నీ నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టు ఉండేవి.

అలాంటి రోజుల్లో ఒకనాడు మా యజమాని ఒక కాంట్రాక్టరును వెంటబెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. ఎమ్మిగనూరు వైపు పోయే దారిలో ఒక పెద్ద చెరువు ఉంది. దాని గట్టున పార్కు కట్టి, చెరువులో జనాన్ని తిప్పడానికి పదహారు మంది పట్టే పడవ పెట్టాలని ఆ కాంట్రాక్టరు ఆలోచన. దూరం నుంచి తయారైన పడవ తెప్పించేకంటే అచ్చు బాడుగకు తెచ్చి ఇక్కడే చేయిస్తే బాగుంటుందని మా యజమాని అతన్ని ఒప్పించాడు. ఒప్పించాక మా ఉస్తాద్‌ను అడిగాడు, చేయగలమా అని.

ఉస్తాద్ అంటే మా షెడ్డు పెద్ద మేస్త్రి. తెల్ల గడ్డం, మాసిన టోపీ, ఎప్పుడూ రెజిన్ అంటిన వేళ్లు. తెలుగూ దక్కనీ ఉర్దూ కలిపి మాట్లాడేవారు. ఆయన గడ్డం గోక్కుని అన్నారు: "ట్యాంకుకు నీళ్లు లోపల ఉండాల, పడవకు నీళ్లు బయట ఉండాల. అంతే ఫరక్ సాబ్. చేద్దాం."

పది రోజులకు లారీలో అచ్చు వచ్చింది. ఇరవై అడుగులకు పైనే ఉంటుంది. షెడ్డు తలుపు రెక్క తీసేస్తే గానీ లోపలికి రాలేదు. అందరూ భోజనానికి పోయినప్పుడు నేను ఒక్కదాన్నే చెప్పులు విడిచి ఆ అచ్చులోకి దిగాను. ముందుకు పోనుపోను రెండు పక్కలూ సన్నబడి ముక్కులా కలిశాయి. అక్కడ కూర్చుని రెండు చేతులతో రెండు పక్కలు తాకాను.  అప్పటికి నేను పడవ ఎక్కింది లేదు, దగ్గరగా చూసిందీ లేదు.

రంగు ఏదన్నది తేల్చడానికి నలుగురు కూర్చున్నారు. కాంట్రాక్టరు, యజమాని, ఉస్తాద్, పడవ నడపబోయే మనిషి. ఈ చివరాయనది ఎమ్మిగనూరు. అంతకు ముందు నదిలో పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, నడిపేవాడు, నీళ్లు లేని కాలంలో వరి మళ్లలో కూలికి పోయేవాడు. మోటారు పడవ నడపడం నేర్చుకుని వచ్చి ఈ ఉద్యోగంలో చేరాడు. పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఉతికిన చొక్కా వేసుకుని, బల్ల అంచు మీద కూర్చున్నాడు.

"తెల్లదే ఏయించండప్పా," అన్నాడు అతను. "మాసినా కడుక్కోవచ్చు. ఎండకు కాలదు."

"సహీ బాత్," అన్నారు ఉస్తాద్. "తెల్లదానికి మించింది లేదు."

నేను జెల్ డబ్బా కలుపుతూ వింటున్నాను. నన్ను ఎవరూ అడగలేదు. కానీ నోరు ఆగలేదు.

"తెల్లది ఏస్తే దూరానికి మన నీళ్ల ట్యాంకే తెగిపోయి చెరువులో తేలాడతాండాది అనుకుంటారు."

నలుగురూ తిరిగి చూశారు. కాంట్రాక్టరు పకపకా నవ్వాడు. "మత్తే ఏ బణ్ణ ఏద్దామమ్మా?" అన్నాడు కన్నడం కలిపి, ఏ రంగని.

"ఎరుపు," అన్నాను. "పండు మిరపకాయ ఎరుపు. చెరువు నీళ్లు పచ్చగా ఉండాయి, గట్టు పచ్చగా ఉండాది, వరి పచ్చగా ఉండాది. ఆ పచ్చలో ఎర్రది వస్తాంటే రోడ్డు మీద బస్సులో పొయ్యేటోళ్లు కూడా మెడ తిప్పి సూడాల."

ఆ చివరి మాట కాంట్రాక్టరు మనసులో దిగిందని అతని ముఖమే చెప్పింది. ఉస్తాద్ మాత్రం తల అడ్డంగా ఊపారు. "ఎర్రది ఎండకు నిలవదు బేటీ. బళ్ళారి ఎండ. అది ఎవురినీ వదల్దు."

"తెల్లది మాత్రం నిలుస్తాదా ఉస్తాద్?"

"తెల్లదీ చస్తాది. కానీ చచ్చినట్టు కనపడదు."

ఎంత మంచి మాట! అప్పుడు నాకు తెలియలేదు. వాదనలో గెలవాలని ఎర్రది నాలుగు రకాలుగా కలిపి, చిన్న పలకలు పోసి, సగం కప్పి సగం తెరిచి షెడ్డు కప్పు మీద పెట్టాను. పదిహేను రోజుల తర్వాత దించి చూపించాను. రెండు సగాలకూ తేడా లేదు. "చూడండి!" అని అందరి ముఖాల ముందూ ఆడించాను. ఉస్తాద్ ఆ పలకను వేలితో రుద్ది, "పదైదు దినాలు కాపురం చేసి మొగుడు మంచోడంటే ఎట్ల నమ్మేది?" అన్నారు. షెడ్డులో ఆడవాళ్లమంతా నవ్వాం. నవ్వులో ఆ మాట కొట్టుకుపోయింది. ఎరుపే ఖాయమైంది.

జెల్ కొట్టే రోజు ఎండ ఎక్కకముందే, పొద్దున ఆరింటికే మొదలుపెట్టాం. వేడెక్కితే జెల్ డబ్బాలోనే గడ్డకడుతుంది. మొత్తం పడవకు సరిపడా రంగు ఒక్కసారే కలపాలి, రెండోసారి కలిపితే అదే ఎరుపు రాదు. ఉస్తాద్ కొలిచి ఇచ్చిన రంగు ముద్ద కలిపాను. బాగానే ఉంది. కానీ నా కళ్లకు ఇంకొంచెం కావాలనిపించింది. ఆయన అటు తిరిగినప్పుడు ఇంకో రెండు గరిటెలు వేశాను. కూరలో కారం వేసినంత తేలిగ్గా వేశాను. రంగు ఎక్కువైతే జెల్ బలం తగ్గుతుందని నాకు తెలుసు, కొత్తవాళ్లకు నేనే చెప్పేదాన్ని. తెలిసీ వేశాను. ఈ సంగతి ఉస్తాద్‌కు ఆ తర్వాత చాలా కాలానికి గానీ చెప్పలేదు.

పీచు పరచడం, ఒత్తడం, అడుగున బలానికి పట్టీలు వేయడం, ఆరబెట్టడం అయ్యాక ఊడదీసే రోజు వచ్చింది. అచ్చు అంచుల్లో చెక్క ముక్కలు దిగ్గొట్టాం. ఆ సందులో నీళ్లు పోశాం. రబ్బరు సుత్తులతో చుట్టూ కొట్టాం. ఎంతకీ కదల్లేదు. గంటయింది, రెండు గంటలయింది. ఎక్కడో అంటుకుపోయిందేమోనని నాకు భయం. మైనం పట్టించింది నేనే. ఉస్తాద్ గాలి గొట్టం సందులో పెట్టి, "ఇప్పుడు కొట్టండి" అన్నారు. ఎనిమిది మందిమి ఒక్కసారి కొట్టాం. టప్పున చప్పుడైంది. తాళం కప్ప విడినట్టు, పడవ అచ్చులోంచి జానెడు పైకి లేచింది.

గొలుసులతో ఎత్తి బయట ఎండలోకి తెచ్చాం. ఏం చెప్పను! ఆ ఎరుపు చూడాల్సిందే. కొట్టంలోకి అప్పుడే దించిన మిరప రాశి, దాని మీద నీళ్లు చల్లితే ఎలా ఉంటుంది? అలా ఉంది. ఆడవాళ్లంతా వరసగా నిలబడి అందులో ముఖాలు చూసుకున్నారు. ఒకామె పైట సర్దుకుంది. మా యజమాని ఫోన్ తీసి ఫోటోల మీద ఫోటోలు తీశాడు. నేను పక్కకు పోయి నీళ్ల తొట్టి దగ్గర ముఖం కడుక్కున్నాను. ఏడుస్తున్నానని ఎవరైనా అనుకుంటే సిగ్గు.

చెరువులో దించిన రోజు మమ్మల్నందరినీ వ్యానులో తీసుకుపోయారు. మొదటి తిరుగుడు మాకే. డ్రైవర్, అంటే ఆ ఎమ్మిగనూరు ఆయన, నన్ను ముందు కూర్చోబెట్టాడు. మోటారు మొదలవగానే పడవ ముక్కు కొంచెం పైకి లేచింది. రెండు పక్కలా నీళ్లు విచ్చుకున్నాయి. కింద ఎర్ర నీడ పరుగెడుతోంది. నేను "ఓయ్!" అని అరిచాను. వెనకనుంచి డ్రైవర్ అరిచాడు: "ఎట్లుండాదక్కా?" "నిలపొద్దప్పా, ఇంగో సుట్టు తిప్పు!" అన్నాను. మూడు చుట్లు తిప్పాడు. రోడ్డు మీద నిజంగానే ఒక బస్సు నెమ్మదించింది. కిటికీల్లో తలకాయలు కనపడ్డాయి. నా అంత గర్వంగా ఆ రోజు బళ్ళారి జిల్లాలో ఎవరూ లేరు.

ఒకటిన్నర ఏడాది గడిచింది. రెండో ఎండాకాలం సగంలో డ్రైవర్ ఫోన్ చేశాడు.

"అక్కా, మన పడవ తెల్లబోయింది."

"తెల్లబోయిందంటే ఏందప్పా? సరిగ్గా చెప్పు."

"చెప్పేదేంది? వచ్చి సూడక్కా. నాకు నోరు రావడంల్యా."

మర్నాడే బస్సెక్కి పోయాను. రేవు మెట్ల మీదినుంచే చూశాను. ఎప్పుడూ ఒకే వైపు తిప్పి కడుతున్నారు కాబట్టి ఎండ పడే పక్కంతా పాలిపోయి, వెలిసిన గులాబీ రంగులో, మచ్చలు మచ్చలుగా ఉంది. వేలు పెట్టి రుద్దితే సుద్దలాంటి పొడి వచ్చింది. రేవుకు కట్టిన పాత టైర్లు రాసుకుని నల్లటి గీతలు. నీటి గీత వెంట ఉప్పుకట్టిన తెల్లటి పట్టీ. పై అంచు మీద చెయ్యి పెట్టబోయి చురుక్కుమని తీసుకున్నాను. పెనం లాగా ఉంది.

"పిల్లోళ్లు చెయ్యి పెట్టి ఏడుస్తాండారక్కా," అన్నాడు డ్రైవర్. "ఎక్కేటోళ్లు తగ్గినారు."

"ఈడ నీటి గీత దగ్గర ఇంత మొరటుగా ఎందుకయింది? దేంతో కడిగినావు?"

అతను తల వంచుకున్నాడు. "ఉప్పు పోవడంల్యా అని... బాత్రూం కడిగే యాసిడ్ పోసి రుద్దినా."

నాకు పట్టరాని కోపం వచ్చింది. "యాసిడా? పడవకా? నీకు బుద్ధుండాదా అప్పా? పసిబిడ్డకు యాసిడ్ పోసి స్నానం చేపిస్తావా?" అని రేవు అదిరేలా అరిచాను.  అతను చాలా మెల్లగా అన్నాడు:

"పడవ ఇచ్చినారు గానీ, దీన్ని ఎట్ల సూసుకోవాలో ఒక్క మాట చెప్పల్యా కదక్కా మీరు."

 నిజమే. మోటారు గురించి మోటారు కంపెనీ మనిషి వచ్చి రెండు రోజులు నేర్పాడు. రంగు గురించి ఎవరు చెప్పాలి? నేను చెప్పాలి. నేను మూడు చుట్లు తిరిగి, చప్పట్లు కొట్టి, వ్యాను ఎక్కి వచ్చేశాను.

అసలు కబురు అప్పుడు చెప్పాడు. కాంట్రాక్టరుకు విసుగు పుట్టింది. పదిరోజుల్లో వచ్చి చూస్తాడట. పడవ ఇలాగే ఉంటే గుజరీకి, అంటే పాత సామాన్ల కొట్టుకు తోసేసి, రెండు తెల్ల పెడల్ బోట్లు తెప్పిస్తాడట. పెడల్ బోటును ఎక్కినవాళ్లే తొక్కుకుంటారు. దానికి డ్రైవర్ అక్కర్లేదు.

"అప్పుడు నువ్వు?"

"నాదేముండాది. వరి మడి ఉండనే ఉండాది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ అతని చెయ్యి పడవ అంచును పట్టుకునే ఉంది, అంత వేడిలోనూ.

తిరిగి వచ్చి యజమానికి చెప్పాను. "ఎర్రది కావాలని ఎగిరింది నువ్వే కదమ్మా, నువ్వే చూడు" అని, పది రోజులు సెలవిచ్చి, పాలిష్ మిషన్ కూడా ఇచ్చాడు. ఆ మిషన్ ఒడిలో పెట్టుకుని బస్సులో ఎమ్మిగనూరు చేరాను. రాత్రులు డ్రైవర్ ఇంట్లోనే పడక. అతని భార్య పొద్దున్నే జొన్న రొట్టెలు మూటకట్టి ఇచ్చేది. "మా ఆయన ఇంట్లో గిన్నె కడగడు, పడవను మాత్రం కడుగుతాడు, కడిగి కడిగి చెడగొట్టినాడు" అని నవ్వేది.

పడవను గట్టు మీదికి లాగించి, ఇసుక మూటల మీద కూర్చోబెట్టాం. ముందు సబ్బు నీళ్లతో కడిగాం. తర్వాత నీళ్ల కాగితం. అంటే తడిపి రుద్దే గరుకు కాగితం. మొరటుది మొదట, సన్నది తర్వాత, ఇంకా సన్నది ఆ తర్వాత. చెయ్యి ఒకే చోట ఆగకూడదు, ఎక్కువ ఒత్తకూడదు. అతనికి నేర్పాను. తెల్లటి సుద్ద నీళ్లు పాలలాగా కారుతుంటే, దాని కిందనుంచి ఒక అరచేతి మేర ఎరుపు బయటపడింది.

"అక్కా! బతికే ఉండాది!" అని అతను ఎగిరి గంతేశాడు. నేనూ గంతేశాను. యాభై దాటిన దాన్ని, గట్టు మీద, అందరూ చూస్తుండగా. చచ్చింది పైపొర మాత్రమే. లోపల రంగు అలాగే ఉంది.

ఆ ఉత్సాహంలో నాలుగు రోజులు ఆగకుండా రుద్దాం. ఆ ఉత్సాహమే అయిదో రోజు నా కొంప ముంచింది. అడుగు మలుపు దగ్గర అంచు ఉంటుంది. అక్కడ జెల్ పలుచగా ఉంటుంది, మెల్లగా రుద్దాలి. నేను మిషన్ పెట్టి జోరుగా లాగాను. ఎరుపులోంచి పసుపు కనపడింది. గాజు పీచు! రెండు జానల పొడుగున జెల్ మొత్తం లేచిపోయింది. మిషన్ ఆపేసి అక్కడే మట్టిలో కూలబడ్డాను.  యాసిడ్ పోసినప్పుడు నేను అరిచినట్టు అతను నా మీద అరిచి ఉంటే బాగుండేది. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడంతే.

ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. అప్పటికి ఆయన పని మానేసి ఇంట్లోనే ఉంటున్నారు, మోకాళ్ల నొప్పులు. "జెల్ డబ్బా, రంగు ముద్దలు పట్టుకుని ఎవరినైనా పంపండి ఉస్తాద్" అన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆటోలోంచి ఆయనే దిగారు. కర్ర పట్టుకుని పడవ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. రుద్దిన చోట చూశారు, రుద్దని చోట చూశారు. నా వైపు తిరిగి, "ఎంత ఎక్కువ ఏసినావు ఆ దినం?" అన్నారు.

"రెండు గరిటెలు," అన్నాను.

"మాలూం," అన్నారు. "గరిటెకు అంటిన జెల్ ఎండిన తీరు చూసి ఆ దినమే అనుకుంటి. చెప్తే అచ్చు కడిగి మళ్లీ కొట్టాల. నీ మొహం చూసి చెప్పలేకపోతి. తప్పు నాది కూడా."

 ఆయన నీడలో కూర్చుని డబ్బాలు నా వైపు నెట్టారు. నేను కలపను, నీ రంగు నువ్వే కలుపు అన్నారు. కొత్త ఎరుపు అలాగే వేస్తే ఎండ తిన్న పడవ మీద కొత్త అతుకులా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఎండ ఏం చేసిందో అదే నేను డబ్బాలో చేయాలి. రవ్వంత తెలుపు, ఇంకా రవ్వంత పసుపు. మొదటిసారి కలిపింది ఆరాక ముదిరింది. రెండోది గులాబీ అయింది. మూడోది పూసి, గాలి తగలకుండా ప్లాస్టిక్ కాగితం అంటించి, ఆరాక తీసి, సన్న కాగితంతో రుద్ది దూరంగా జరిగాం. ఉస్తాద్ కళ్లద్దాలు తుడుచుకుని, "యాడ చేసినావు?" అన్నారు. నిజంగానే కనపడలేదు ఆయనకు. నాకూ రెండు క్షణాలు వెతుక్కోవలసి వచ్చింది. ఆ రెండు క్షణాలంత సుఖం నా ఉద్యోగంలో మళ్లీ లేదు.

ఇక పై అంచు వేడి. దానికి మాత్రం పంతం పక్కన పెట్టాను. చేతులు పెట్టే అంచుకూ, దాని కింద జానెడు మేరకూ బస్సులకు వేసే తెల్ల పెయింటు వేశాం. టేపు అంటించి గీత గీసినట్టు వేశాం. ఉస్తాద్ గడ్డంలో నవ్వుకున్నారు. ఒప్పుకోవాలి, ఆ తెల్ల పట్టీతో ఎరుపు ఇంకా ఎక్కువ మెరిసింది. చివర్న మైనం పాలిష్ రెండు పూతలు పట్టించాం.

పదో రోజు కాంట్రాక్టరు వచ్చేసరికి పడవ నీళ్లలో ఉంది. మిట్టమధ్యాహ్నం, కళ్లు చెదిరే ఎండ. ఆయన మెట్లు దిగి దగ్గరికొచ్చాడు.  ముందు అరచెయ్యి అంచు మీద పెట్టాడు. తీయలేదు. తర్వాత జేబులోంచి తెల్ల కర్చీఫ్ తీసి, ఎర్ర భాగం మీద గట్టిగా రుద్ది, తిప్పి చూశాడు. డ్రైవరూ నేనూ మెడలు చాచి చూశాం.  కర్చీఫ్ తెల్లగానే ఉంది.

"చెన్నాగిదె, బాగుంది," అన్నాడు. తర్వాత నుదురు ముడివేశాడు. "సరి. మళ్లీ రెండేళ్లకు ఇట్లే అయితే? దీన్ని సూసుకునేదెవరు?"

"నేనప్పా," అన్నాడు డ్రైవర్. నేను నోరు తెరవకముందే.

అప్పుడు నేను అందుకున్నాను. పడవ దించిన రోజే చెప్పవలసిన మాటలన్నీ ఆ మెట్ల మీదే చెప్పాను. సాయంత్రం పడవ కట్టేశాక మెత్తని గుడ్డతో తుడవాలి, నీళ్లు దాని మీదే ఆరితే ఉప్పు కడుతుంది. యాసిడ్ వాసన కూడా దీనికి తగలకూడదు. వారానికోసారి ముఖం తిప్పి కట్టాలి, ఎండ రెండు పక్కలూ పంచుకుంటుంది. మూడు నెలలకోసారి మైనం. కాంట్రాక్టరు వైపు తిరిగి, "మీరు కూడా రెండు పనులు చేయాలప్పా" అన్నాను. "రేవు మీద గ్రీన్ నెట్ పందిరి ఏపించండి. ఆ టైర్లకు గోనెపట్ట చుట్టించండి. పడవ మీది, డ్రైవర్ మీవాడు. నీడ కూడా మీరే ఇయ్యాల."

అంత గట్టిగా ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడి ఎరగను. కాంట్రాక్టరు ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ కర్ర మీద రెండు చేతులూ ఆనించి, "ఆయమ్మ చెప్పినట్టు చెయ్యండి సాబ్. నేనొకసారి ఆయమ్మకు గట్టిగా చెప్పక పడవను ఈ గతికి తెచ్చినా" అన్నారు. కాంట్రాక్టరు నవ్వేశాడు. పెడల్ బోట్ల మాట మళ్లీ రాలేదు. వారం తిరక్కుండా పందిరి పడింది.

పిల్లలూ, రంగు ఎంచుకోవడానికి ఒక్క పూట చాలు. ఎంచుకున్న రంగుతో కాపురం చేయడం ఏళ్ల తరబడి పని. ముదురు రంగు ఎంచుకోవద్దని నేను చెప్పను. నేను ఈ రోజు మళ్లీ ఎంచుకోమన్నా ఎరుపే ఎంచుకుంటాను, రెండు గరిటెలు మాత్రం తగ్గిస్తాను. కానీ వస్తువు చేతికిచ్చి పంపే రోజున, దాన్ని ఎలా చూసుకోవాలో పక్కన నిలబడి చెప్పి పంపండి. చెప్పకపోతే మీరు చేసింది సగం పనే.

రిటైరయ్యాక మొన్న శ్రావణంలో మా ఊరి ఆడవాళ్లను పదిమందిని పోగేసుకుని ఆ చెరువుకు పోయాను. నేను చేసిన పడవ చూపిస్తానని దారి పొడుగునా ఊరించాను. పందిరి నీడలో ఎర్రగా, నిగనిగలాడుతూ నిలబడి ఉంది. డ్రైవర్ మీసం నెరిసింది. నన్ను చూసి "అక్కా, రా రా!" అని మెట్లెక్కి ఎదురొచ్చాడు. నేను పరుగులాంటి నడకతో దిగి, పడవ పక్కను నిమరబోయాను. నా చెయ్యి ఇంకా తగలనే లేదు, అతను మధ్యలో అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"ఆగక్కా. చేతికి గాజులుండాయి. గీతలు పడతాయి."

 వెనక మా ఊరివాళ్లు కిసుక్కున నవ్వారు. అతను మాత్రం నవ్వడం లేదు. జేబులోంచి ఉతికిన మెత్తని గుడ్డ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది సుట్టుకో. ఎవురికైనా ఇదే రూలు."

గాజుల మీద గుడ్డ చుట్టుకుని పడవ ఎక్కాను.